అయిదు వరకే

ఊరికి అసిరితల్లి సంబరం మూడు రోజులు.
మా వీధికి నాలుగోది కూడా ఉంది.

పందిరి విప్పేసిన తెల్లారి
రాటలకు కట్టిన అరటి చెట్లు
మా అరుగు ముందు అడ్డంగా పడుంటాయి.
ఎవరు దింపారో చెప్పరు.
మట్టిలో ట్రాక్టరు టైర్ల అచ్చులుంటాయి, అంతే.

మొదటి ఏడు మా నాన్నమ్మే వెళ్ళి అడిగిందట.
కమిటీ పెద్ద పేడాడ గవరయ్య
నోట్లో చుట్ట తీసి మరీ నవ్వాడట:
“అరిటి బోదెలేటి సేసుకుంతావే రంగమ్మా,
ఆవుల్నేటైనా కట్టినావా?”

ఆమె పేరు రంగమ్మ కాదు. సూరీడమ్మ.
రంగం నుంచి ఓడ దిగినవాళ్ళు గనక
ఆమదాలవలసలో, చక్కెర మిల్లు గోడ వెనక
పద్నాలుగు గడపలూ రంగమోళ్ళ వీధి.
అక్కడేమో కొరంగీలన్నారట,
మీ దేశం మీరు పొండన్నారట.
“ఓడలో ఉన్నన్నాళ్ళూ
ఏ పేరూ నేకుండా సుకంగున్నానే” అనేది,
వాంతులు చేసుకున్న సంగతి దాచి.

రేవులో చెవి కమ్మలు తీయించుకున్నారు.
చంటిదాని కాలి కడియాలూ తీయించుకున్నారు.
తనకా చెక్క అరగదీసి మొహానికి పూసుకునే రాయిని
రాయే కదా అని వదిలేశారు.
ఆ రాయి మీద ఇప్పుడు నేను అల్లం నూరుతున్నాను.
చూస్తే తిట్టేది.

పొర తర్వాత పొర ఒలుచుకుంటూ
అరటి దవ్వ దాకా పోవాలి.
చక్రాలు తరిగి, పీచు వేలికి చుట్టి లాగాలి.
నాగావళి జెల్లలు ఉడికించి ముళ్ళు ఏరి,
నిమ్మగడ్డి దంచి,
వేయించిన బియ్యప్పిండి జారుగా కలిపి
గుండిగలో పోస్తే
కాసేపటికి వీధి వీధంతా ఎటో వెళ్ళిపోతుంది.

దాన్ని మొహింగా అంటారు.
ఊరికి నోరు తిరక్క మోయింగ అంది.
పోనుపోను ములగ పులుసు అయింది,
ములక్కాడ ముక్కైనా లేకపోయినా.

గవరయ్య తొలి ముంత తాగింది ఆకలికి కాదు,
మూడు రాత్రుళ్ళ సారా దిగక.
తాగి, గోడకు చేరబడి
చాలాసేపు ఏమీ అనలేదు.
“ఉప్పు తక్కువైనాది” అన్నాడు చివరికి.
మళ్ళీ ముంత చాపాడు.

ఆ పొద్దున్నే తప్పెటగుళ్ళ వాళ్ళు
పాసింజరుకి ఇంకా టైముందని మా అరుగెక్కారు.
నాన్నమ్మ ఉడికిన గుడ్లు లెక్కపెడుతోంది
రంగం లెక్కన:
తిత్, నిత్, తోం, లే, ఙా.
తిత్, నిత్, తోం, లే, ఙా.
ఎండన్నని ఓ కుర్రాడు
రొమ్ము మీది రేకు తప్పెట మీద దాన్ని పట్టేశాడు.
గజ్జెలు విప్పేసిన కాళ్ళే లేచాయి.
తిత్, నిత్, తోం, అని ఎగిరి
లే, అని తిరిగి
ఙా, అని నేల దద్దరిల్లి
పాసింజరు వెళ్ళిపోయింది.

ఇప్పటికీ వేస్తారు ఆ అడుగు.
బొబ్బిలిలో వేశారట, సాలూరులో వేశారట.
అడిగితే తాతలనాటి దరువంటారు.
నేను కాదనను.

ఆమె పోయి మూడేళ్ళు.
ఈ ఏడు గుండిగ నాది.
గవరయ్య మనవడు ముంత పట్టుకుని
ఉప్పు తక్కువైనాదన్నాడు. సరిపోయింది, నాకు తెలుసు.
వరస చివర
రైసుమిల్లు పనికొచ్చిన బీహారోళ్ళు ఇద్దరు,
కాదు, ముగ్గురు.
పేర్లు అడగాలి.

గుడ్లు తీస్తున్నాను.
తిత్, నిత్, తోం, లే, ఙా.
నాకు అయిదు వరకే వచ్చు.
ఆరుని ఏమంటారో
ఆమెను ఒక్కసారీ అడగలేదు.
ఆమె చెయ్యి ఎప్పుడూ అయిదేసి తీసి
మళ్ళీ మొదటికి వచ్చేది.

ఆరోది చేతిలో వెచ్చగా ఉంది.
చివరి కుర్రాడు గిన్నె చాపి
నా నోటి వైపే చూస్తున్నాడు.