కూబర్ పీడీ, జనవరి

నలభై ఏడు డిగ్రీలు.
ఊరంతా నేలలోకి దిగిపోయి
టీ కాచుకుంటోంది.
యాంటె ఇంటి గోడల మీద
గునపం గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.
"ముప్పై ఏళ్ళు తవ్వితే గుప్పెడు ఓపల్" అన్నాడు,
ఖాళీ అరచెయ్యి చాపి.

వైరింగ్ పనికొచ్చినవాణ్ణి,
తోచక సూర్యుడి సంగతెత్తాను:
నడిగర్భంలో పుట్టిన వెలుగుకీ ఇదే తవ్వకమట.
అడుగేస్తే ఢీ, అడుగేస్తే ఢీ,
వచ్చిన దారే మళ్ళీ వచ్చి
లక్షేళ్ళకి ఒడ్డు దొరుకుతుందట,
అసలు ఒడ్డే లేని ఆ మంటకి.
అక్కణ్ణించి మన గుమ్మానికి ఎనిమిది నిమిషాలు.

"మరి తూకం?" అడిగాడు గనిమనిషి.
సెకనుకి నలభై లక్షల టన్నులు తరుగు.
టీ కప్పు కింద పెట్టాడు.

గాలిగొట్టంలోంచి జారి
నేల మీద పడుంది
అణాకాసంత ఎండ.
లేచి వెళ్తూ యాంటె
దాన్ని తొక్కకుండా
చుట్టు తిరిగి నడిచాడు.