తీసేసిన గడి

దుంగా రేవులో నా పని తూకం రాయడం.
పటంలో విక్టోరియా అని ఉంటుంది,
మేం లోల్వే అంటాం ఈ సరస్సుని.
పచ్చ అట్ట పుస్తకం, కార్బన్ కాగితం,
చెవి మీద పెన్సిలు.
పుటకి ఏడు గడులు.
మూడో గడి ఫులుది.

ఫులు అంటే ఒక చేప కాదు.
బొటనవేలంతవి, అరచేతంతవి,
రాతి సందులవి, ఇసుకవి,
నాచు గీక్కుతినేవి, నత్త పెంకు కొరికేవి,
పిల్లల్ని నోట్లో దాచుకుని సాకేవి.
వందల రకాలు.
మత్స్యశాఖకి తీరిక లేక
అన్నిటికీ కలిపి ఒకే గడి గీసింది.
నేనూ పేర్లు అడగలేదు.
కిలోలు అడిగాను.

అపోండి మాత్రం గంపలో చెయ్యి పెట్టి
చూడకుండానే చెప్పేది:
ఇది మిట్టనుదురుది, ఇది మొండితోకది,
దీని ముల్లు చెడ్డది, పసివాడికి పెట్టకు.

తర్వాత ఎంబుటా వచ్చింది.
వచ్చింది అంటున్నా గానీ చేపకి కాళ్ళెక్కడివి?
ఎవరో బకెట్లతో తెచ్చి పోశారు,
నేను పాకే రోజుల్లో.
చిన్న చేపల్లో ఏముంది ముళ్ళు తప్ప,
పెద్ద చేపైతే జనం కడుపు నిండుతుందని.
వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు.
మా ఇంటి మీద రేకులు ఎంబుటా,
మా ఒబూయా బడి ఫీజు ఎంబుటా.

ఒకనాడు తొంభై కిలోలది పడింది.
ఇద్దరు మోసుకొచ్చారు కావడి వేసి.
పొట్ట కోస్తే గుప్పెడు ఫులు,
సగం అరిగి, ఇంకా రంగు పోకుండా.
ఆ గుప్పెడు ఏ గడిలో రాయాలో తోచక
ఎంబుటా బరువులోనే కలిపేశాను.

ఫులు ఎండకి ఎండేది.
ఎంబుటాది కొవ్వు ఒళ్ళు, పొగ పెట్టాలి.
పొగకి కట్టె, కట్టెకి కొండ.
అపోండికి ఒక్క పొయ్యి ఉండేది, నాలుగయ్యాయి.
రేవంతా పొయ్యిలే.
బోడి కొండ మొదటి వానకే దిగొచ్చి
సరస్సులో కూర్చుంది.
చెరకు తోటల ఎరువు, కిసుము ఊరి మురుగు
దాని వెనకాలే వచ్చాయి.
నీళ్ళు పాలు పోసిన టీ రంగుకి తిరిగాయి.

పరిశోధన కేంద్రం పిల్ల నఫూలా
మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చెప్పింది:
ఆడ ఫులు రంగు చూసి మగణ్ణి ఎంచుకుంటుందట.
ఎర్రవాడిది ఒక కులం, నీలివాడిది ఒకటి.
నీళ్ళు మసకబారితే ఇద్దరూ బూడిదే.
ఎవరికి ఎవరో తెలియకుండా కలుస్తారు,
పిల్లలు పుడతారు, ఈదుతారు, తింటారు.
ఒక్క శవం లేకుండా రెండు వంశాలు ఆగిపోతాయి.

దీపం ఆర్పి పెళ్ళి చేసినట్టుంది, అని
అపోండి పకపకా నవ్వింది.
నవ్వి, ఎందుకో పొయ్యిలో కట్టె
కాస్త వెనక్కి లాగింది.

కార్ఖానా కట్టాక
కండంతా మంచుపెట్టెల్లో విమానం ఎక్కేది.
మాకు తలకాయా వెన్నుముల్లూ మిగిలేవి.
ముల్లుకి అంటుకున్న పాటి మాంసాన్ని
నూనెలో వేయించి అమ్మింది అపోండి,
కళ్ళు పొగకి పోయేదాకా.

నా మూడో గడిలో ముందు వేలు, తర్వాత పదులు.
తర్వాత సున్నా, కింద సున్నా, కింద పైగుర్తు.
ఆ ఏడు కొత్త పుస్తకాలొచ్చాయి.
పుటకి ఆరు గడులే.
అచ్చుతప్పేమోనని ఫోన్ చేశాను.
సున్నాలు రాసుకోడానికి గడి దండగ కదా అన్నారు.
నిజమే అన్నాను.

మొన్న ఓ కుర్రాడు రాతి సందులోంచి
బొటనవేలంత చేప పట్టుకొచ్చాడు.
కాటాలో వేస్తే ముల్లు కదల్లేదు.
అపోండి అరచేతిలో పెట్టాం.
నుదురు తడిమింది, తోక తడిమింది,
మళ్ళీ నుదురు.
చాలాసేపు.
"ఇది నాకు తెలీదు" అంది.

పుట అంచున, గడుల బయట
పెన్సిలుతో ఒకటి అని రాశాను.
కుర్రాడు చెయ్యి చాపి నిలబడ్డాడు:
"మా తమ్ముడికి పెట్టొచ్చా?"