లక్కలో ఇద్దరు

తొలివాన పడిన మూడో రోజు.
జొన్నగిరి ఎర్రచేలల్లో వజ్రాలేరే జనం
ఇంకా వంగే ఉన్నారు.
పత్తికొండలో నా కొట్టు ముందు
ఇద్దరు తోటికోడళ్ళు చెప్పులు విడిచారు,
మడమల దాకా బురద ఎండి పగిలి.

పెద్దామె ఉరుకుందమ్మ. చిన్నామె మారెక్క.
కొంగుముడి పెద్దామెది,
ముడి మీద చెయ్యి మాత్రం ఇద్దరిదీ.
"ఒకేసారి చూసినాం ఆచారీ,
ఇద్దరి నీడా దాని మీదే పడింది.
కోసి చెరిసగం ఇయ్యి."

వజ్రం కాదు. బిళ్ళ.
గీటురాయి మీద గీస్తే
మా తాత కూడా చూసి ఉండని పసుపు.
నాలుగున్నర గ్రాములకు ఒక గురిగింజ తక్కువ.

కంటికి అద్దం బిగించి చూశాను.
ఒకే గద్దె మీద ఇద్దరు రాజులు,
మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకు.
నడుమ ఒకే ఒక గుండు, ఆవగింజంత.
ఇద్దరి చేతులూ దాని కిందే.
వెనక రెక్కల ఆడమనిషి ఒకతె
చెరొక భుజానికీ చెరొక రెక్క కప్పి.
చుట్టూ నాకు రాని అక్షరాలు.
చివర మాత్రం ఒకే అక్షరం
పక్కపక్కనే రెండుసార్లు,
తప్పు పడి దిద్దుకోనట్టు.

కుడివాడు వెంట్రుకవాసి పెద్ద.
నవ్వొచ్చింది నాకు.
ఈ దిమ్మె చెక్కిన కంసాలీ,
నీ కష్టం నాకు తెలుసు.
నలభై ఏళ్ళుగా జత కమ్మలు చేస్తున్నా,
ఏ జతా సరిజత కాలేదు.
ఇద్దరూ సమానమని చెప్పి పోతారు కొలువోళ్ళు.
కుడిపక్క ఎవర్ని కూర్చోబెట్టాలో
చెప్పేవాడుండడు.

కత్తెర ఆనించి చూపించాను, ఇట్లా నిలువునా అని.
"పెద్ద బొమ్మ నాది" అంది ఉరుకుందమ్మ,
పెద్దకోడలు గనక.
"మరి ఆ గుండు?" అంది మారెక్క.
గుండును కోయొచ్చు.
కోసినాక అది గుండు కాదు.
పన్నెండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర
ఒకరు రొట్టె తట్టితే ఒకరు కాల్చినవాళ్ళు
ఆవగింజంత బంగారం ముందు
కొత్తవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు.

"కరగబెట్టు."
ఎవరన్నారో ఇప్పటికీ చెప్పలేను.

కరిగించే ముందు, ఎందుకో,
వేడి లక్క మీద ఒకసారి ఒత్తుకున్నా.

మూసలో వెలిగారం చల్లి ఊదాను.
ముందు అక్షరాలు పోయాయి. తర్వాత గద్దె.
రాజులిద్దరూ ఒకరి మీదికొకరు ఒరిగి
కొసకు ఒకే చుక్క,
కుడీ ఎడమా లేని చుక్క,
వణుకుతూ.

రెండు పూసలు పోశాను.
త్రాసు ఉరుకుందమ్మ వైపు వాలింది.
ఆకురాయితో రాశాను.
మారెక్క వైపు వాలింది.
మళ్ళీ రాశాను.
ముల్లు నిలిచేసరికి
నా ఒడిగుడ్డలో పొడి, ఆవగింజంత.
రాసిన పొడి ఆచారిదే, మాలో అది ఆనవాయితీ.
వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు.

లక్కబిళ్ళ చూసి పీరాన్ సారు తల కొట్టుకున్నాడు.
"రోము రాజులయ్యా! అన్నదమ్ములు!"
అన్నను గద్దెనెక్కించిన సైన్యమే
ఒక్కడు చాలడు, ఇంకొకణ్ణి చెప్పమని
గోల చేసిందట.
తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.
ఆ రెండో అక్షరం తమ్ముడిది.
తర్వాత ఏదో ఊళ్ళో దిగి
సేనలు పంచుకున్నారు, కొలువు పంచుకున్నారు,
పడమటికొకడు, తూర్పుకొకడు.
శాసనం ఎవరు వేసినా దాని మీద రెండు పేర్లు.
మనుషులు మాత్రం మళ్ళీ ఎదురుపడలేదు.

ఈ ఏడు వానకు ఉరుకుందమ్మ జొన్నగిరిలోనే ఏరుతోంది.
మారెక్క తుగ్గలి వైపు పోతోందట.
రేషన్ కార్డు ఇంకా ఒకటే.

రాత్రి కొట్టు కట్టేశాక
లక్కబిళ్ళ తీసి దీపం కింద పెడతాను.
ఇద్దరూ ఉన్నారు, గుంటలుగా, తిరగబడి.
చిన్నోడు కుడికొచ్చాడు.
దిమ్మె చెక్కుతూ ఆ కంసాలి చూసిందీ ఇదే కదా,
ఈ లోతునే, ఈ తిరకాసునే.
వేలికొసతో తడిమితే
ఇద్దరి నడుమ చిన్న గుంట.
పొట్లం విప్పి
ఆ పొడి అందులో పోసి చూశాను.

సరిపోయింది.