తరుగు

మడికొండల రెండో అంతస్తు.
కిటికీల నుంచి కాజీపేట దిక్కు పోయే గూడ్సుకు
ఎన్ని డబ్బాలో లెక్కపెట్టేంతల
ఎనిమిది వందల వరుసల కోడ్ వచ్చి పడ్డది.
రాసింది మిషను.
చదివింది ఇంకో మిషను.
"దోషాలు లేవు" అని ఒకదానికొకటి చెప్పుకొని
నా ముందటికి ఒక పచ్చ బొత్తాం జరిపినయి.

నొక్కాలె. గంతే నా కొలువు.

ఓదెలు సారు ఉన్నప్పుడు గిట్ల లేకుండె.
నేను రాసిన పన్నెండు వరుసలకు
పదిహేడు ప్రశ్నలు.
"ఈ పేరు ఎందుకు పెట్టినవ్ తల్లీ?
రేపు నువ్వు లేనినాడు
దీన్ని తెరిచేటోనికి ఏం సమజైతది?"
కోపమొచ్చి బాత్రూంల ఏడ్చిన.
రెండేండ్లకు ఆ ప్రశ్నలు నా లోపల్నే మొలిచినయి.
ఇగ ఆయన అడుగుడు మానేసిండు.

ఇప్పుడు నా పక్క కుర్చీల నస్రీన్.
కొత్త పిల్ల. ఒక్క వరుస చేత్తో రాసింది లేదు,
ఏడ్చిందీ లేదు.
ఆమెకు చూపెట్టి నేర్పుదామంటే తప్పులు మిగల్లే,
మిషను అన్నీ ముందే చెరిగి పోసింది.

ఇయ్యాల వచ్చింది ఎనుమాముల యార్డు పని.
పత్తి కాంటా, తేమ, తరుగు.
మూడొందల పరీక్షలు పాసు.
బొత్తాం మీద వేలు పెట్టిన.

"అక్కా, జర ఆగు."
తెర మీద గోరు ఆనించింది నస్రీన్,
రెండొందల పద్నాలుగో వరుస కాడ.
"దశాంశం ఎనుక ఉన్నదంతా కొట్టేస్తున్నది,
ప్రతి బస్తాకు.
ఆ అరకిలో, ముప్పావు కిలో ఎటువోతది?"

ఇంకేదో అనబోయి ఆగింది. మెల్లగ అన్నది:
"మా అబ్బా అక్కడ హమాలీ.
కాంటా ఎవరి దిక్కు మొగ్గుతదో
చిన్నప్పటి సంది ఎరుకే."

మిషన్లను అడిగిన.
"నియమం ప్రకారం సరే" అన్నది రాసింది.
"సరే" అన్నది చదివింది.
రెండూ ఒక్క బడిల చదివిన పిల్లలు.
ఒక్కతీరుగనే మర్చిపోయినయి.

గూడ్సు ఎప్పుడో దాటిపోయింది, లెక్క తప్పిన.
బొత్తాం పచ్చగనే మెరుస్తున్నది,
దానికి నా జవాబు అక్కరలేదు, నా వేలు చాలు.

కింద ఖాళీ పెట్టెల
చాన్నాళ్లకు ఒక ప్రశ్న రాసిన.
ఎవరు చదువుతరో తెల్వదు.

"పొద్దుగాల ఆరింటికి యార్డు గేటు కాడ ఉండు,"
అన్నది నస్రీన్, బ్యాగు సర్దుకుంట.
"మూతికి గుడ్డ కట్టుకో అక్కా,
పక్కనే మిర్చి."