మచ్చ లేని మనిషి

ఒంగోలు కలెక్టరాఫీసు, మూడో అంతస్తు.
చొక్కా ఎత్తమన్నారు. ఎత్తాను.
డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది,
చీమకుర్తిలో మా మేస్త్రీ
నల్లరాయి మీద నీళ్లు చల్లి చీలిక వెతికినట్టు.
కుట్టు లేదు. గీత లేదు.
నడుం చుట్టూ కాస్త నలుపు, అది మొలతాడుది.

కాగితం ఇంకోలా చెబుతోంది:
గుర్రం వెలుగొండయ్య, నలభై ఏడు,
మూత్రపిండంలో రాళ్లు, రెండుసార్లు తీసివేత.
నాకు నవ్వాగలేదు.
ముప్పై ఏళ్లుగా రాళ్లు తీసేది నేను సారూ,
నాలోంచి ఎవరు తీశారు?

ఫోటో ఉంది. మంచం మీద నేనే.
చేతికి ప్లాస్టరు, దాని కింద సూది లేదు.
సీసాలో నీళ్లు మూడు రోజులూ
అట్టాగే ఉన్నాయి, గీత దిగకుండా.

బస్సు పాలిష్ యూనిట్ గేటు దగ్గర ఆగింది ఆ రోజు.
బీపీ చూస్తాం, బిర్యానీ పెడతాం, కార్డులు తెచ్చుకోండి అన్నారు.
పదకొండు మందిమి ఎక్కాం.
మా సుబ్బరత్తమ్మ వెనక సీట్లో, పక్కింటి ఖాసింబీ మధ్యలో.
ఉన్న మాట చెప్పాలంటే
పెళ్లయినాక అంత నిద్ర నేనెప్పుడూ పోలేదు.
పైన ఫ్యాను, కింద దుప్పటి, అడిగేవాడు లేడు.

రాయి రుద్దీ రుద్దీ నా వేళ్లల్లో గీతలు అరిగిపోయాయి.
రేషన్ మిషను ఏ నెలా ఒక్కసారికి ఒప్పుకోదు.
వాళ్ల మిషను మాత్రం
మొదటిసారికే పచ్చగా వెలిగింది.

ఆ తర్వాత దగ్గు.
పొడి దగ్గు, తెల్లారుజామున బండ కోసే రంపంలా.
పెద్దాసుపత్రిలో కార్డు చూసిన పిల్ల తల ఎత్తకుండా
ఇందులో ఇంకేం లేదు తాతా అంది.
నలభై ఏడని చెప్పేలోపు
వెనక మనిషి ముందుకొచ్చాడు.

ఇప్పుడు చట్టం వస్తోందట.
ముసాయిదా చదివి వినిపించారు, టీ చల్లారిందాకా.
దొంగబిల్లు పెడితే మూడింతల జరిమానా,
లైసెన్సు రద్దు, జైలు,
సొమ్ము తిరిగి నిధికి జమ.
మంచిదే.
బండ జారినాక గొలుసు కట్టినా మంచిదే,
కింద నిలబడబోయే వాడికి.
నా ఊపిరికి ఏ పద్దులో జమ
అని అడుగుదామనుకున్నా,
ఇంతలో పదకొండో సెక్షను:
లబ్ధిదారు కుమ్మక్కయినచో శిక్షార్హుడు.

కుమ్మక్కంటే ఏంది సారూ?
బిర్యానీ తినడమా,
నిద్రపోవడమా?

ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.
కిటికీలోంచి కర్నూలు రోడ్డు మీద లారీ పోతోంది,
గొలుసులేసిన బండతో, మా వైపు నుంచే.

రాసుకోండి, అన్నాను,
వెలుగొండయ్య ఒంటి మీద మచ్చ లేదు.

చివర్లో వేలు పెట్టమన్నారు.
ఎర్రగా వెలిగింది.
తుడుచుకుని మళ్లీ పెట్టు అన్నాడు కుర్రాడు.
లుంగీకి తుడుచుకున్నాను.
మళ్లీ ఎరుపే.
మా ఊరి బస్సు ఐదింటికి.