జీడిగుర్తు

ఊట్కూరు బస్టాండు కాడ
ఒక్క బొమ్మకే పైసలు జమైనయట.
తిప్పన్న పైల్వానుదా, దస్తగిరి పైల్వానుదా?
మూడు దినాలసంది హోటల్ల చాయ సల్లారుతున్నది,
మాట సల్లారుతలేదు.

తిప్పన్న తొడ చరిస్తే
సంతల ఎడ్లు పలుపులు తెంపుకున్నయంటడు కరెంటు నర్సప్ప.
దస్తగిరి మెడ మీద కాడి ఇరిగిందంటడు పంక్చర్ల మదార్.
ఒగడు గుడ్లు లెక్క వెడతడు, ఒగడు బస్కీలు లెక్క వెడతడు.
ఇద్దర్ల ఒక్కడన్న గోదా ఎర్రమట్టి తొక్కినోడు గాదు.

ఒక పోరడు సెల్లుల తెల్లోల్ల కుస్తీ జూపిచ్చి
గిట్లనే ఉండెనా అవ్వా అనె.
గట్లుండలే బిడ్డా.
వాళ్ళు పడకున్నా పడ్డట్టు జేస్తరు.
మనోళ్ళు...
ఆగు, అది ఎనక జెప్త.

నన్నెవ్వరు అడుగరు,
ఇద్దరి లంగోటీలు ఇరవై ఏండ్లు ఉతికినదాన్ని,
చాకలి అంజిలమ్మను.
తిప్పన్న గుడ్డకు జీడిగింజతోటి అడ్డగీత,
దస్తగిరి గుడ్డకు మూడు సుక్కలు.
వాగు బండ మీద మూట యిప్పంగనే
కుస్తీ ఎట్ల నడిసిందో నాకెరుకైతుండె.
లంగోటి ముందటి కొస చినిగితే పట్టు గట్టిగ దొరికినట్టు,
తువాలకు రొమ్ము మన్నుంటే
బోర్లవడి ఓపిక వట్టినట్టు.
వీపు మన్నంటరా,
ఆ రెండు మూటల్ల ఎన్నడు సూడలే.

తిప్పన్న నెమ్మదోడు.
పిడికెడు మన్ను దీసి అవతలోని భుజం మీద సల్లి
దండం వెట్టినంకనే చెయ్యి గలిపెటోడు.
దస్తగిరిది మెరుపు, నువ్వు ఆకుకు సున్నం రాసేలోపే అయిపాయె.
తిప్పన్న వారం వారం సేరు జొన్నలు గొలిసెటోడు,
గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు.
దస్తగిరి ఏడాదంత బాకీ వెట్టి
పీరీల పండుగకు రెండింతలు ఒళ్ళె వోసెటోడు.
గొప్పతనం గిట్ల గూడ కొలుస్తరా?
నాకు తెలిసిన కొలత గిదే.

ఇద్దరు ఎదురువడ్డది మక్తల్ జాతరల ఒక్కపారే.
వెండి కడెం పందెం.
పొద్దుగూకినా తెగలే.
ఒక్క గడియ దుమ్ము లేసింది, జనానికి కండ్లు గానరాలే,
దుమ్ము దిగేసరికి ఇద్దరు నిలవడున్నరు.
బరాబరన్నరు పెద్దమనుషులు.
గిదే మీకు తెలిసిన ముచ్చట.

తెల్లారి దస్తగిరి మూటల
అడ్డగీత తువాల ఒకటెల్లింది.
పరిసి సూద్దును గదా,
ఎర్రమట్టి, నూనె, చెమట గలిసి
రెండు రెక్కల అచ్చు.
నడుమ ఎన్నుపూస జాడ,
ఎండిన ఆకుల ఈనె తీరు.
జనం కండ్లు నులుముకునేలోపు
ఎవలో ఎవల వీపునో ఒత్తి తుడిసిన అచ్చు.

మనోళ్ళు, బిడ్డా, పడ్డా పడనట్టు జేసిర్రు.
ఒకడు పడి, ఒకడు పడగొట్టి.

ఎందుకు తుడిసిండో నాకెరుకలే.
అదే దస్తగిరికి ఆఖరి జాతరని
తిప్పన్నకు ముందే తెలుసునా?
మన్ను ఎంతన్న జెప్తది గని మనసు జెప్పది.
సౌడుల నానేసిన, ఉబ్బకు వెట్టిన, బండకు కొట్టిన.
పోయింది.

పోయిందనుకున్న.
మల్ల వారం అదే తువాల, దస్తగిరి మూటలనే.
మాయలే. మరక లేదు.
ఆ పై వారం గూడ.
సచ్చేదాక, పదకొండేండ్లు,
ఉతికేతందుకేం లేని తువాలను ఉతికిచ్చిండు.
దాసుకోలే, మల్ల ఇయ్యలే,
ఒక్కనాడు నా మొకం దిక్కు సూడలే.

కప్పినోడా గొప్పోడు,
కప్పింది మరువనోడా?
నా యేళ్ళ సందుల సౌడు కాటున్నది,
జవాబు లేదు.

బొమ్మ ఎవలిదన్న నిలవెట్టుర్రి.
భుజం మీద తువాల మాత్రం మరువకుర్రి.
మూలకు గుర్తు నేనొచ్చి వెడత,
ఇంట్ల జీడిగింజ ఒకటి మిగిలున్నది.