ఆరేదాకా

కుడ్లు గేటు దగ్గర పద్నాలుగంతస్తుల మేడ.
లిఫ్టులో కెమెరా బాగుచేసి
కింద కాపలావాళ్ల గదిలో నిన్నటి రికార్డు తిప్పి చూస్తున్నా.
పైనుంచి ఎవరిదో నడినెత్తి,
రూపాయి బిళ్లంత నున్నగా.
పాపం, అనుకున్నా.
ఆ మనిషి స్క్రూడ్రైవరుతో వీపు గోక్కున్నాడు.
పసుపు పిడి.
నాదే.

ముప్పై నాలుగేళ్లుగా నాకు నేను
ముందువైపు నుంచే పరిచయం.

నీళ్లన్నారు అందరూ.
బెంగళూరు బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు,
బకెట్టు అడుగున సున్నం కట్టే నీళ్లు.
హిందూపురం నుంచి మేనమామ ఫోనులో అదే మాట.
ఊరి నీళ్లు విడిస్తే ఇంతేరా అంటాడు
ఒక్కనాడూ ఊరు విడవని మా బట్టతల మామ.

డాక్టరు పూర్ణిమా హెగ్డే నీళ్ల ఊసే ఎత్తలేదు.
పాయలు తీసి చూసి, ఇది వంశంలోంచి వచ్చే వరస అంది,
ముందు కణతలు, తర్వాత నడినెత్తి,
చివరికి చెవులపైన మిగిలేది ఇంత, అని
చీటీ వెనక బొమ్మ గీసింది.
చూడకుండానే మా మామను గీసింది.

రెండు సీసాలు.
ఒకటి కునుకుతున్న కుదుళ్లను లేపేది,
ఒకటి వాటి గొంతు నులిమేదాన్ని ఆపేది.
ఒక్కటి చాలదా మేడమ్ అన్నా.
నా చొక్కా మీద కంపెనీ పేరు చదివి
"లిఫ్టుకి మోటారు చాలా? బ్రేకు వద్దా?" అంది.

పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి రెండో సీసాది ఇంకొకటి.
తడి తల మీద వద్దు.
ఎక్కువ పూస్తే ఎక్కువ మొలవదు.
మొదట్లో ఇంకా రాలుతుంది, భయపడి మానొద్దు.
మానితే వచ్చిందీ పోతుంది.
మెయింటెనెన్సు కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు
నేను జనానికి చదివి వినిపించే షరతే అది.

లేవబోతుంటే అడిగింది:
ఇంట్లో కడుపుతో ఎవరైనా ఉన్నారా?

నాగజ్యోతికి అయిదో నెల.

రాత్రి మందు ఆమె చేతికి తగలకూడదు.
పూసిన తల ఆమె ముట్టకూడదు.
దిండు గలీబులు వేరు, తువ్వాళ్లు వేరు.
ఆదివారం పొద్దున గ్యాసు బండ పక్కన పీటేసి
నా నెత్తిన నూనె పెట్టి దబదబా బాదే చేయి
ఇప్పుడు దుప్పటి కింద
కాలి బొటనవేలై నా మడమ వెతుక్కుంటుంది.
"ఆరిందా?"
"ఇంకా లేదు."
ఫ్యాను మూడులో పెట్టి కూచుంటా.
"ఆరిందా?"

ఏడో వారం స్నానాలగది జాలీలో గుప్పెడు.
నూట పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశా.
ఇది మంచి గుర్తేనట. పాతది దిగితేనే కొత్తది ఎక్కుతుందట.
లిఫ్టు ముందు నిలబడ్డవాళ్లకి చెప్పాల్సిన మాట.

ఆ రాత్రే జ్యోతి గట్టిగా పిలిచింది,
తంతోంది, చెవి పెట్టు, రా, రా.
నా తల తడి. వేళ్లు తడి.
పంపు కింద సబ్బుతో ఒకసారి, రెండుసార్లు,
గోళ్ల సందుల్లో ఇంకోసారి తోముకుని వచ్చేసరికి
లోపలివాళ్లు పడుకున్నారు.
ఆమె ఏమీ అనలేదు. పక్కకి తిరిగింది.

రాత్రి సీసా ఇప్పుడు అల్మరా పైఅరలో,
పెళ్లి ఆల్బమ్ వెనక. సగం మిగిలింది.
బ్రేకు లేకుండా మోటారొక్కటే నడుపుతున్నానని
డాక్టరమ్మకి ఇంకా చెప్పలేదు. తిడుతుంది.

నిన్న తల పొడిగా ఆనించి పడుకున్నా
ఆమె కడుపు మీద.
ఎవరి తలకట్టో, మా మామదో, వాళ్ల నాన్నదో,
అడుగుతోంది ఆమె,
వేళ్లు నా పల్చటి చోట తిప్పుతూ.
నేను వినిపించుకోలేదు.
వేరే చప్పుడు వింటున్నా.